చిన్నాన్న గాలపుకర్ర

ఇల్లు కట్టి చూడమన్నారు, పెళ్ళి చేసి చూడమన్నారు మన పెద్దలు. గాలపుకర్ర మాట ఎత్తలేదు. వారికి ఆ అనుభవం లేదు కాబోలు. మేము ఇల్లూ కట్టాము, పెళ్ళిళ్ళూ చేశాము. వాటిలో చేసిన పొరపాట్లను నలుగురూ సర్దుకొని పోయారు. కాని మేమిద్దరం అన్నదమ్ములం కలసి మా చిన్నాన్నకు కట్టి యిచ్చిన గాలపుకర్రలో చేసిన పొరపాటు ఆయన్ను మూడేళ్ళపాటు సముద్రానికి దూరం చేసింది. చూడబోతే అది గోరంత పొరపాటు. కర్ర పొడుగునా దారం నడవడానికి కట్టే రింగులు ఉంటాయే, వాటిని గైడ్లంటారు, వాటి ఎంపికలో జరిగింది. సముద్రతీరాన ఉండే మన సంఘం కుటుంబాలలో గాలం సరదా గలవారు కొందరైనా ఉంటారు గనుక, ఆ సంగతి దాచుకోకుండా వ్రాస్తున్నాము.

మాది బరంపురం. 1936 ఏప్రిల్ 1న ఒడిషా వేరు రాష్ట్రమయ్యేదాకా మా గంజాం జిల్లా మద్రాసు రాజధానిలో ఉండేది. మా తాతగారు ఉన్న యింట్లోనే ఉన్నారు; సరిహద్దే ఆయన్ను దాటుకొని పోయింది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా మాకు పుట్టుకతో వచ్చినవి. ఊరికి సుమారు 16 కిలోమీటర్ల దూరంలో గోపాల్‌పూర్ సముద్రం. ఒకప్పుడు మనవాళ్ళు రంగూను ఓడ ఎక్కిన రేవు అది. ఆ తీరాన చేపలు పట్టే పల్లెవారిలో తెలుగువారు చాలామంది. ఒడియావారు వాళ్ళను నోలియాలంటారు.

మా చిన్నాన్న 1952లో పుట్టారు. రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. పదేళ్ళ వయసులో గాలం వేయడం ఆ పల్లెవారి దగ్గరే నేర్చుకున్నారు. అప్పుడు కర్రా లేదు, రీలూ లేదు. డబ్బాకు చుట్టిన దారం, దాని చివర సీసం గుండు, దానికి పైగా గాలం. తల మీదుగా రెండు తిప్పులు తిప్పి కెరటం వెనక్కి విసరడమే. ఆ తరువాత దారాన్ని చూపుడువేలి మీద వేసుకొని కూర్చోవడం. జెల్ల లాగిందో, గొరక లాగిందో ఆ వేలే చెప్పేదట. ఇప్పటికీ ఆయన చూపుడువేలి మొదటి కణుపు మీద సన్నని గాడి ఒకటి ఉన్నది. చిన్నప్పుడు మేమిద్దరం ఆ గాడిలో మా గోరు పెట్టి చూసుకొనేవాళ్ళం.

ఆయనకు కుడి భుజం పట్టేసిన తరువాత చేత్తో విసరడం కష్టమయింది. అందుకని 2019 దీపావళికి ఒక మంచి కర్ర కట్టి యివ్వాలని మేము సంకల్పించాము. బజారులో తయారుగా దొరికేది కొనవచ్చు. కాని మన చేతులతో కట్టి యిస్తే ఆ ముచ్చట వేరు. 12 అడుగుల కార్బన్ బ్లాంకు, అంటే గైడ్లూ పిడీ ఏవీ లేని వట్టి కర్ర, రెండు ముక్కలుగా వచ్చేది తెప్పించాము. దానికి డబ్బు బాగానే పెట్టాము. రీలు సంగతి సరేసరి. తీరా గైడ్ల దగ్గరకు వచ్చేసరికి, రింగులే గదా అని, ఒక దుకాణంవారు పంపిన సెట్టు తీసుకున్నాము. తళతళలాడుతున్నది. ఒక్కొక్క గైడుకూ రెండేసి కాళ్ళు, మంచి దిట్టంగా ఉన్నాయి. అయిదు గైడ్లు, కొనకు ఒకటి. పాత కర్ర ఒకటి ఎదురుగా పెట్టుకొని, కొలతలు కంటితో చూసి, ఎర్రదారంతో కట్టి, పైన ఎపాక్సీ పూసి యిచ్చాము.

చిన్నాన్న కర్రను రెండు చేతులా అందుకొని, కళ్ళకద్దుకున్నంత పని చేశారు. రెండు మూడు నెలలు తీసుకెళ్ళారు కూడాను. తరువాత అది వారి పడకగది మూలకు చేరింది. 2020లో కరోనా వచ్చి అందరమూ ఇళ్ళలో కూర్చున్నాము గనుక మేము పట్టించుకోలేదు. ఆ తరువాత అడిగితే “భుజం సహకరించటం లేదర్రా” అనేవారు. వయసు మీద పడింది పాపం అనుకొని ఊరుకున్నాము.

అసలు సంగతి 2022 కార్తీకమాసంలో బయటపడింది. మా యింటి పిల్ల, పదమూడేళ్ళది, ఆ కర్ర మూలనుంచి తీసి, “చిన్నతాతా, నాకు నేర్పు” అని పట్టుబట్టింది. ఎన్నడూ పిల్లల మీద కేకవేసి ఎరగని మనిషి, “అది ముట్టుకోకు!” అని ఒక్క కేక వేశారు. మా యిద్దరికీ ఆశ్చర్యమైంది. పిల్ల లోపలికి వెళ్ళిపోయింది. అప్పుడు మెల్లిగా చెప్పారు.

ఆ కర్రతో చివరిసారి వెళ్ళిననాడు ఒడ్డున పల్లెవారు అలివి వల లాగుతున్నారట. ఈయన వాళ్ళకు దూరంగానే నిలబడి, వంద గ్రాముల సీసం కట్టి విసిరారట. కర్ర సగం దూరం తిరిగేసరికి టప్పున దారం తెగింది. గుండు సముద్రం వైపు పోక, పక్కకు ఈలవేసుకుంటూ పోయి, వలతాడు కొస పట్టుకొన్న పసివాడికి జానెడు దూరంలో ఇసుకలో దిగబడింది. ఎవరూ ఏమీ అనలేదు. వాడు నవ్వుతూ ఆ గుండు తవ్వి తెచ్చి యిచ్చాడట.

“మరి మాకు చెప్పలేదేం చిన్నాన్నా?” అన్నాము.

“మీరు ముచ్చటపడి కట్టార్రా. ఏమని చెప్పను?” అన్నారు.

ఆ రాత్రి మాకు సరిగా నిద్రపట్టలేదు. మరునాడు కర్రను దీపం కింద పెట్టి పరీక్ష చేశాము. దారం తెగడానికి కారణం కనిపెట్టడం కష్టం కాలేదు. దీపపు వత్తులకు వాడే పత్తి చిన్న పింజె తీసి ఒక్కొక్క రింగులోనూ తిప్పాము. నునుపుగా ఉన్న రింగులో పత్తి జారిపోతుంది. పగులు ఉంటే, కంటికి కనపడనిదైనా సరే, పోగు పట్టుకుంటుంది. కొనకు ముందున్న గైడులో పోగులు పట్టుకొన్నాయి. లోపలి పింగాణి రింగు వెంట్రుకంత పగిలి ఉన్నది. దాని అంచు కత్తివంటిది.

అది ఎందుకు పగిలింది? ఈ ప్రశ్న వద్దనే మా అజ్ఞానం బయటపడింది. ఒడ్డునుంచి బరువు విసిరేటప్పుడు రీలులోని సన్నదారం ఆ ఊపును తట్టుకోలేదు. అందుకని దాని చివర లావుపాటి దారం కొంత ముడివేస్తారు. దాన్ని లీడరంటారు. ఒక్కొక్క ఔన్సు సీసానికి 10 పౌండ్ల బలం గల లీడరు ఉండాలని గాలగాళ్ళ లెక్క. వంద గ్రాములంటే మూడున్నర ఔన్సులు గనుక, 35 పౌండ్లకు తగ్గరాదు. చిన్నాన్న 40 పౌండ్లది వాడేవారు. అందులో వారి తప్పేమీ లేదు. కాని ఆ ముడి విసిరిన ప్రతిసారీ అన్ని గైడ్లలోంచీ అతివేగంగా దూసుకొని పోవాలి. పొట్లం మీద గైడు సైజు 8 అని వేస్తే, రంధ్రం 8 మిల్లీమీటర్లనుకొన్నాము. అది రింగు బయటి కొలత. పింగాణి మందం పోగా లోపల మిగిలే దారి చాలా తక్కువ. పాపం ఆ ముడి ప్రతి విసురుకీ ఆ సన్నని గుమ్మానికి తల కొట్టుకుంటూ పోయింది. కొన్నాళ్ళకు రింగు పగిలింది. పగిలిన అంచు దారాన్ని కోసింది.

ఇక చూడబోతే లోపాలు ఒక్కటని కాదు. స్పిన్నింగు రీలునుంచి దారం తిన్నగా రాదు. స్పూలు వెడల్పున చుట్లు చుట్లుగా గిరగిర తిరుగుతూ వస్తుంది. మొదటి గైడు పెద్దదిగా, ఎత్తుగా, రీలుకు తగినంత దూరంగా ఉండి ఆ చుట్లను మెల్లగా సన్నగిల్లజేయాలి. మేము దాన్ని రీలుకు మరీ దగ్గరగా కట్టాము. చుట్లు వచ్చి కర్రకు తపతప కొట్టుకొనేవి. ఆ చప్పుడు మంచి కర్ర లక్షణమేమోనని అప్పట్లో మురిసిపోయాము కూడా! కొనవైపు గైడ్లు ఎడమెడంగా ఉన్నందువల్ల, కర్ర వంగినప్పుడు దారం ఆ వంపును అనుసరించక, అక్కడక్కడ మెలిక విరిచినట్లు తిరిగేది. రెండుకాళ్ళ బరువైన గైడ్లు కొనదాకా ఉన్నందున విసిరిన తరువాత కర్రకొన ఆగకుండా ఊగుతూనే ఉండేది. భుజంనొప్పి మనిషికి అది మరింత శ్రమ. ఉప్పుగాలికి కాళ్ళ కింద తుప్పు కూడా పట్టింది. పైన మెరిసింది పూత మాత్రమే.

బ్లాంకు చెక్కు చెదరలేదు. అందుచేత గైడ్లు ఊడదీసి మళ్ళీ కట్టాలని నిశ్చయించాము. ఊడదీయడంలో ఒక జాగ్రత్త ఉన్నది. బ్లేడును కర్ర మీద పెట్టరాదు. గైడుకాలు ఇనుము మీదనే దారాన్ని కోసి, వేడిగాలి చూపి ఎపాక్సీ మెత్తబడ్డాక వలవాలి. కార్బన్ మీద గీత పడితే ఎప్పుడో ఒకనాడు కర్ర అక్కడనే విరుగుతుంది.

ఈసారి గైడ్లు కొనడానికి ముందు, మొదటిసారి చేయవలసిన పని ఒకటి చేశాము. చిన్నాన్న దగ్గర కాగితం, పెన్సిలు పట్టుకొని కూర్చున్నాము. “ఏ దారం వాడతారు? ఎంత సీసం? ఎంత దూరం పోవాలి?” అని అడిగాము. ఆయన నవ్వి, “నాకు దూరం అక్కర్లేదురా. గోపాల్‌పూర్‌లో ఒడ్డు నిటారుగా దిగుతుంది, మొదటి కెరటం వెనకాలే చేప తిరుగుతుంది. తిన్నగా పోతే చాలు. మనిషి వైపు పోకూడదు” అన్నారు. వారు వాడేది మామూలు నైలాను దారం. ఇప్పటి కుర్రవాళ్ళు వాడే అల్లిక దారం ఆయన వేలికి నచ్చదు. లీడరు ముడి ఒకటి వేసి యిమ్మన్నాము. వేసి యిచ్చారు. ఆ ముడిని చిన్న డబ్బాలో పెట్టుకొని, ఏ గైడు కొన్నా మొదట దానిలోంచి ఆ ముడిని లాగి చూశాము. పెళ్ళికి జాతకం చూసినట్లే!

రింగు ఏ పదార్థమో చూడాలి. తక్కువ వెలలో అల్యూమినియం ఆక్సైడు పింగాణి వస్తుంది. దానికన్న గట్టిది, వేడిని త్వరగా లాగివేసేది, సన్నగా చేయడానికి వీలైనది సిలికాన్ కార్బైడు. అల్లిక దారం వాడేవారికి అది మేలు. నైలానుకు మొదటి రకం చాలు. అక్కడ మిగిల్చిన డబ్బును ఫ్రేముల మీద పెట్టాము. ఉప్పునీటికి ఫ్రేము మంచి స్టెయిన్‌లెస్ స్టీలుదైనా కావాలి, టైటానియందైనా కావాలి. టైటానియం తుప్పెరుగదు, తేలిక. కాని వెల చాలా ఎక్కువ. అన్నిటికీ అది పెట్టే స్తోమత మాకు లేదు. బరువు ఎక్కడ బాధిస్తుందని ఆలోచించాము. రీలు దగ్గర నాలుగు గ్రాములు ఎక్కువైనా చేయి గుర్తించదు. కొన దగ్గర ఒక్క గ్రాము పెరిగినా కర్ర బద్ధకిస్తుంది. అందుకని కొనవైపు సన్నగైడ్లకు మాత్రం ఒంటికాలు టైటానియం, కిందివాటికి రెండుకాళ్ళ స్టీలు తీసుకొన్నాము. మా వీధి కంసాలి తక్కెడలో వేసి చూస్తే, పాత కొనగైడ్లు మూడింటి బరువుకు కొత్తవి అయిదైనా తూగలేదు.

ఆపైన సైజులు, తావులు. స్పూలు అంచు వ్యాసాన్ని 27 పెట్టి హెచ్చవేస్తే ఎంత వస్తుందో, స్పూలునుంచి అంత దూరానికల్లా దారపు చుట్లు అణిగి సన్నగైడ్లలో ప్రవేశించాలని కర్రలు కట్టేవారి లెక్క ఒకటి ఉన్నది. మా రీలు స్పూలు 65 మిల్లీమీటర్లు. 27 పెట్టి హెచ్చవేస్తే 1755. అంటే సుమారు మీటరూ ముప్పాతిక. అక్కడికి మొదటి 12 సైజు గైడు. దానికి కింద 16, దానికి కింద 25, అన్నిటికన్న కింద, రీలుకు మీటరు దూరంలో 40. ఈ మూడూ గరాటులాగా చుట్లను సన్నబరుస్తాయి. ఆపై కొనదాకా మరి మూడు 12లు, కొనకు ఒకటి, అదీ 12 సైజే. కొనకు పోయినకొద్దీ ఎడం తగ్గాలి. మేము 30, 28, 25 సెంటీమీటర్లు, చివర 21 సెంటీమీటర్ల పైచిలుకు పెట్టాము. మొత్తం ఏడు, కొనది కాక. ఈ లెక్క వేదవాక్కు కాదు. మొదలుపెట్టడానికి ఒక ఆధారం, అంతే.

లెక్క అయ్యాక గైడ్లను వెంటనే కట్టేయరాదు. కాగితపు పట్టీలతో అతికించి, కర్ర పిడిని కిటికీ చువ్వలకు కట్టాము. రీలు దారాన్ని గైడ్లలోంచి కొనదాకా తెచ్చి, దాని చివర కిలోరాయి వేలాడదీశాము. కర్ర విల్లులాగా వంగింది. మా పిల్ల పక్కన నిలబడి, దారం ఎక్కడ విరిగినట్లుందో వ్రేలు పెట్టి చూపింది. అయిదో గైడును ఒక సెంటీమీటరు పైకి జరిపాము, అది సర్దుకుంది. తరువాత మైదానంలో, ఎవరూ లేని వేళ చూసుకొని, తక్కువ బరువుతో నాలుగు విసుర్లు విసిరాము. తపతప లేదు. దారం సుయ్యిమంటూ పోయింది.

ఇక దారం చుట్టడం. మొదట గైడుకాళ్ళ కొసలను ఆకురాయితో సన్నగా, నున్నగా అరగదీయాలి. లేకుంటే దారం మెట్టు ఎక్కలేదు, కాలికొస కర్రను గీస్తుంది. చుట్టేటప్పుడు దారం బిగువు మొదటినుంచి చివరిదాకా ఒక్కతీరుగా ఉండాలి. మొదటిసారి మేము వ్రేళ్ళతో పట్టి చుట్టాము. ఒకచోట బిగువు, ఒకచోట వదులు. ఈసారి పక్కవీధి నేతపని పెద్దాయనను అడిగాము. బరంపురం పట్టు నేసే తెలుగు కుటుంబం వారిది. ఆయన మా చుట్టడం చూసి, “బాబూ, బిగువు మీ వేళ్ళలో పెట్టుకుంటే వేళ్ళు అలిసినప్పుడల్లా మారుతుంది. దారానికే పెట్టండి” అన్నాడు. దారపుకండెను గిన్నెలో వేసి, దారాన్ని ఒక లావుపాటి పుస్తకం పేజీల మధ్యనుంచి రానిమ్మన్నాడు. ఇంట్లో అంత లావుపాటి పుస్తకం తాతగారి శబ్దరత్నాకరమొక్కటే. చాలా ఏళ్ళ తరువాత ఆ నిఘంటువు అటకమీదనుంచి దిగింది. ఇంతకాలం దాన్ని విప్పనందుకు సిగ్గు కలిగినమాట నిజం. దారం చుట్టినన్ని రోజులూ మా పిల్ల ఆ తెరచిన పేజీలోని మాటలు కూడబలుక్కుని చదివింది. అది మేము అనుకోని లాభం.

చుట్టిన తరువాత, ఎపాక్సీ పూసేలోగా, కింది గైడులోంచి కొనదాకా ఒంటికన్నుతో చూసి అన్నీ ఒక వరుసలోకి తెచ్చాము. ఎపాక్సీ పూశాక, ఒకవైపు కారిపోకుండా గంటలతరబడి కర్రను తిప్పుతూ కూర్చున్నాము. కొనగైడుకు మాత్రం ఎపాక్సీ పెట్టక, వేడికి కరిగే జిగురు పెట్టాము. అది దెబ్బతింటే కాస్త వేడిచేసి మార్చుకోవచ్చు.

2023 ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున అందరమూ గోపాల్‌పూర్ వెళ్ళాము. పిన్ని పులిహోర పొట్లాలు కట్టింది. చిన్నాన్న చెప్పులు విడిచి తడి ఇసుకలోకి నడిచారు. కుడివైపు చూశారు, ఎడమవైపు చూశారు, మళ్ళీ వెనక్కి తిరిగి మమ్మల్నందరినీ ఇంకా దూరం జరగమన్నారు. తరువాత విసిరారు. మేము గుండును చూడలేదు, ఆయన ముఖమే చూస్తున్నాము. కెరటం వెనకాల చిన్నగా నీళ్ళు ఎగిరినై. ఆయన ఊపిరి వదిలారు. చూపుడువేలు దారం మీద ఆనించి నిలబడ్డారు.

ఎండెక్కేలోగా పడినవి రెండు గొరకలు, ఒక జెల్ల. పండుగప్ప పడిందని వ్రాస్తే కథ రక్తికట్టేదేమోగాని, పడలేదు. మూడోది మా పిల్ల చేత తీయించారు. కర్ర పట్టుకొన్న దాని వ్రేలిని తన వ్రేలితో సరిచేసి దారం మీద పెట్టారు.

ఈ పనికి పూనుకొనేవారికి మేము చెప్పగలిగింది ఇంతే. కర్ర వెలకు డబ్బంతా పోసి గైడ్ల దగ్గర చేయి ముడవకండి. సైజు అంకెను నమ్మక, ముడిని లాగి చూడండి. విసిరే ముందు మనుషులను, విసిరిన తరువాత రింగులను చూసుకోండి. అన్నిటికన్న ముందు, ఎవరికోసం కడుతున్నారో వారిని పక్కన కూర్చోబెట్టుకొని అడగండి. ప్రేమగా ఇచ్చిన వస్తువులో లోపం ఉంటే పెద్దవాళ్ళు నోరు విప్పి చెప్పరు.

చిన్నాన్న ఇప్పుడు సముద్రానికి బయలుదేరే ప్రతిసారీ జేబులో పత్తిపింజె వేసుకొంటారు. దేవుడి దగ్గరి వత్తులపత్తి ఉండటం లేదని మా పిన్ని ఫిర్యాదు. ఈనెలనుంచి సరుకుల జాబితాలో పత్తి రెండు పొట్లాలు వ్రాస్తున్నాము.